రేసు కారు, పెద్దనాయన నిద్ర

ఒక ఇంజనును, ఒక వీధి పొడుగు నూలును, ఒక పెద్దమనిషి నిద్రను ఒక్క పొద్దుటిపూటలోనే నాశనం చేసిన ఘనుణ్ణి మీరు ఇంతవరకూ చూసి ఉండరు. చూడాలనిపిస్తే గుడియాత్తం రండి. మా నేతవీధిలో పేరు చెప్పి అడగనక్కరలేదు. "ఆ కారు..." అని మొదలుపెట్టండి చాలు. కొందరు నవ్వుతారు, కొందరు తలుపు వేసుకుంటారు. తలుపు వేసుకున్న ఇళ్ళన్నీ నేను నూలు పాడుచేసిన ఇళ్ళని గుర్తు.

జర్మనీ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయిన రోజులవి. నాకు ఇరవై దాటి, బుద్ధికి ఇంకా పది దాటని వయసు. నాయన నా చిన్నతనంలోనే పోతే, పెద్దనాయన మునిరత్నం నన్ను పెంచాడు. ఆయన పన్నెండు మగ్గాల యజమాని. ఆయన నేయించిన కైలీ లుంగీలు ఓడలెక్కి రంగూను, పెనాంగు పోయేవి. ఆయన మాత్రం జన్మలో ఆంబూరు దాకా కూడా పోయి ఎరగడు. నేను ఎరుగుదును. ఎరిగి, అక్కడినుంచి ఒక రేసు కారు కొనుక్కొచ్చాను.

ఆంబూరులో తోళ్ళ వ్యాపారం చేసిన ఒక దొర సీమకు పోతూ దాన్ని వదిలించుకున్నాడు. 'వదిలించుకున్నాడు' అన్న మాట అప్పట్లో నాకు తట్టలేదు. 'దక్కించుకున్నాను' అన్న మాట ఒక్కటే తట్టింది. పండుమిరపకాయ రంగు. ముందర ఏనుగు తలంత ఇంజను, వెనక ఎలుక తోకలా సన్నబడిన ఒళ్ళు, నడుమ ఇద్దరు కూర్చునే జాగా. అది కూడా ఆ ఇద్దరికీ మాటలుంటేనే.

పెద్దనాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గుంటలో కాళ్ళు పెట్టుకోని మగ్గం నేసేటోళ్ళం. గుంటలోనుంచి లేయకనే యాడికిరా అంత బిరీన పోయేది?" అన్నాడు.

కొన్న మూడో నెలలో కారు నల్లగా కక్కి, ఎద్దులు లాగగా వేలూరు చేరింది. అక్కడ ఏకాంబరం అనే మెకానిక్కు దాని పొట్ట కోసి పేగులన్నీ గోనెపట్టా మీద పరిచాడు. నేను అడిగింది జ్వరానికి మందు. అతను దాన్ని మల్లయోధుణ్ణి చేస్తానన్నాడు. సిలిండర్లు కాస్త పెద్దవిగా తొలిపిస్తాడట, మద్రాసునుంచి కొత్త పిస్టన్లు తెప్పిస్తాడట, పెట్రోలు తాగే మూతి కూడా వెడల్పు చేస్తాడట. "పాత బలానికి రెండింతలప్పా!" అన్నాడు. ఇంజను విప్పగానే ప్రయాణం కాదని మనకో సామెత ఉంటే ఎంత బాగుండేది! ఇల్లు అలకడం గురించి చెప్పిన పెద్దలకు కార్లు లేకపోయె. రెండు నెలలు గడిచాయి.

ఆ రెండు నెలల్లోనే పెద్దనాయన మంచం పట్టాడు.

ఇక్కడినుంచి కొంచెం నవ్వు ఆపుకోండి. నేను కూడా ఆపుకుంటాను. కడుపులో ఏదో గడ్డ. వైద్యుడు నాడి చూసి, పెద్దమ్మ ముఖం చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రాత్రింబగళ్ళు నొప్పి, కంటిమీద కునుకు లేదు. ఆరడుగుల మనిషి దుప్పటి కింద మడిచిపెట్టిన పంచెలా అయిపోయాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, కామాక్షక్క. చిన్న వయసులోనే భర్త పోతే, ఇంట్లో మూల కూర్చోనని, వేలూరు పోయి ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంది. "ఊరోళ్ళ పుండ్లు కడిగే కూతురు నాకు లేదు" అన్నాడు పెద్దనాయన. "అట్లయితే లేను" అంది అక్క. ఇద్దరిదీ ఒకే నూలు, ఒకే పురి. తెగదు, వంగదు. ఎనిమిదేళ్ళు మాటల్లేవు.

ఒక మధ్యాహ్నం ఆయన గోడవైపు తిరిగి పడుకుని, గోడతో చెప్పినట్టు, "కామాక్షిని రమ్మనండి" అన్నాడు.

పెద్దమ్మ నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. "వరదా, ఇప్పుడే రైలుకు పో. తెల్లార్తో మొదటి బండికి అక్కను తీసుకోనిరా. ఆయన ప్రాణం ఎంతసేపు నిలుస్తాదో తెలీదు. ప్రాణం నిల్చినా ఆ మనసు నిలవదు నాయనా. మళ్ళా 'వొద్దు' అనేసే లోపల ఆమి ఈడ ఉండాల."

అర్థమైంది కదా మీకు? నాకు కూడా అర్థమైంది. ఒక చచ్చిపోతున్న మనిషి, ఒక మొండి కూతురు, నడుమ ఇరవైమైళ్ళ దారి. దారిని చిన్నది చేయడమే నా పని. దాన్ని ఎంత పెద్దది చేశానో వినండి.

సాయంత్రానికి వేలూరు చేరి అక్కకు విషయం చెప్పాను. కత్తెర, దూది సర్దుతున్న చేయి ఒక్క క్షణం ఆగింది, అంతే. "పొద్దున రైలుకు పోదాం" అంది. అక్కడితో నేను ఏదైనా అరుగుమీద ముడుచుకుని పడుకుని ఉంటే, ఈ కథ మీరు చదివే బాధ తప్పేది. కానీ నా కాళ్ళు నన్నడగకుండానే ఏకాంబరం కొట్టం వైపు నడిచాయి.

"రెడీ అప్పా! నీ మాటే అనుకుంటా ఉండా, నూరేండ్లు నీకు!" అంటూ అతను ఎదురొచ్చి, హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పాడు.

అది ఇంజను చప్పుడా! కోటమీది కాకులన్నీ ఒకేసారి లేచి, ఎవరు చచ్చారో తెలియక ఊరిమీద తిరిగాయి.

"ఏందప్పా ఈ సౌండు?" అని చెవిలో అరిచాను.

"పొగగొట్టానికి అడ్డంగా డబ్బా ఒగటి ఉన్నిందే, అది పీకేసినా. ఇంజను బాగా ఊపిరి ఇడవల్ల గదా! ముక్కులో దూది పెట్టి మనిషిని పరిగెత్తమంటే పరిగెత్తుతాడా?"

ముక్కులో దూది పెట్టిన మనిషి పరిగెత్తడు, నలుగురు మోసుకుపోతారు అని నాకు అప్పుడే తోచి ఉండాల్సింది. శకునాలు నా దగ్గరికి ఎప్పుడూ చెప్పులు చేతబట్టుకుని వచ్చేవి. చప్పుడు వినపడేది కాదు.

"కానీ ఒగ మాట" అన్నాడు ఏకాంబరం, ఇంజను ఆపి. "లోపల అంతా కొత్త సామాను. ఒగదానికొగటి అలవాటు పడేదాకా మెల్లగా పోవల్ల. ఎద్దుబండికి ముందర పో, గుర్రంబండికి ఎనక పో. మొదటి ఐదు నూర్ల మైళ్ళు అట్నే."

"రేసు కారప్పా ఇది!"

"కొత్త కోడలు వంట చేసేదానికే వస్తాది. వచ్చిన దినమే నూరుమందికి వండమంటావా?"

"మీరితే?"

"పట్టేస్తాది. ఇంజను అట్నే బిగుసుకోనిపోతాది. ఆమింద నా కాడికి తేవద్దు. సుడుగాడుకు తీసుకోనిపోయి తగలబెట్టు."

ఈ మాట ఇంకెవరికైనా చెప్పి ఉంటే సగం వినేవాళ్ళు. నేను నేతవాణ్ణి. కొత్త పడుగు మగ్గానికెక్కిస్తే మొదటి మూర ప్రాణం బిగబట్టి నేయాలని, తొందరపడితే వెయ్యి దారాలూ పుటుక్కుమంటాయని, పెద్దనాయన నా చెవులు మెలేసి మరీ నేర్పించాడు. కాబట్టి మెకానిక్కు మాట పూజారికి మంత్రం చెప్పినట్టు పట్టేసింది. నిదానమే ప్రధానం అనుకున్నాను.

అయితే రైల్లో పోవచ్చు కదా అంటారా? నా లెక్క వినండి. రైలు దిగి స్టేషనునుంచి ఊళ్ళోకి మళ్ళీ జట్కా పట్టాలి. కారయితే నేరుగా గడప ముందుకు. మెల్లగా పోయినా రైలూ మేమూ ఒకే వేళకు చేరతాం. ఈ లెక్కకు లోపల ఇంకో లెక్క ఉంది. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, రెండింతల బలంతో, వీధి వీధంతా చూస్తుండగా దిగాలని. ఒక కన్ను పెద్దనాయన మీద, ఒక కన్ను కారు మీద. దాన్ని మెల్లకన్ను అంటారు. ఆ మెల్లకన్నుతోనే మెల్లగా బయలుదేరాను.

తూరుపు తెల్లబడుతుంటే అక్క చేతిసంచితో వచ్చి కారును చూసి నిలబడిపోయింది.

"రైలుకు గదరా పోతాండేది?"

"రైలుకంటే ముందర పోతాము అక్కా. ఇప్పుడు దీనికి రెండింతల బలం!"

"బలం ఎవురిక్కావల్ల? బిరీన పోతాదా?"

"బలమంటే ఏంది, బిరీనే గదా!"

అక్క చాలా తెలివైనది. కానీ నర్సులకు మనుషుల లోపలి సామాను తెలిసినంతగా ఇంజన్ల లోపలి సామాను తెలియదు. నమ్మి ఎక్కింది.

ఇక మా ప్రయాణం. చప్పుడు ఫిరంగిది, నడక పెళ్ళినడక. ఎదురుగా పల్లె వస్తే, చప్పుడు విని జనం బయటికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఎంతకీ ఏమీ రాకపోయేసరికి లోపలికి పోయి, ముఖం కడుక్కుని, మళ్ళీ వచ్చేవాళ్ళు. అప్పటికి మేము వాళ్ళ ఊరి మొదటి ఇంటి ముందు ఉండేవాళ్ళం. ఒక కుక్క మమ్మల్ని తరమడం మొదలుపెట్టి, విసుగుపుట్టి, ముందుకు పోయి కూర్చుని మా కోసం కాచుకుంది.

"ఏమిరా, ఇంగా స్టార్టు కాలేదా?" అంది అక్క.

"కొత్త రింగులక్కా. అలవాటు పడాల."

"ఎన్ని దినాలకు పడతాయి?"

పళ్ళికొండలో రంగనాథుడు పడుకుని ఉంటాడు. మా వేగం చూసి స్వామి 'వీళ్ళకంటే నేనే నయం, అప్పుడప్పుడు పక్కకు తిరుగుతాను' అనుకుని ఉంటాడు. ఆ ఊరు దాటగానే వెనకనుంచి గలగలమని ఒక జట్కా వచ్చింది. లోపల నలుగురు మనుషులు, రెండు బస్తాలు, ఒక మేక. బండివాడు మా పక్కకు వచ్చి, గుర్రాన్ని కావాలనే మెల్లగా నడిపించాడు.

"ఎన్నప్పా, బండికి నొప్పులా?"

"సుమ్మా పోప్పా నీ దారిన!" అన్నాను.

"అమ్మా, మీరన్నా వస్తారా? మేకను దించేస్తా!"

అక్క నిజంగానే ఒక కాలు బయట పెట్టింది. నేను కొంగు పట్టుకుని బతిమాలాను. జట్కా పోయింది. మేక వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తూనే పోయింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది.

అసలు అవమానం పాలారు ఏటి ఇసుక దాటాక, రైలు గేటు దగ్గర. గేటు వేసి ఉంది. మేము ఆగాం. దూరంగా పొగ కనపడింది, కూత వినపడింది. మేము ఎక్కాల్సిన మొదటి బండి మా ముక్కు ముందరే, పెట్టె వెనక పెట్టెగా, గుడియాత్తం స్టేషను వైపు పోయింది. కిటికీల్లో జనం చేతులూపారు. కారు బాగుందని కాబోలు.

అక్క చేయి ఊపలేదు. చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత నావైపు తిరగకుండానే చెప్పింది.

"వరదా, నీ ఇంజనుకు ప్రాణం పోతే ఆ మెకానిక్కు మళ్ళా పోస్తాడు. మా నాయనకు ఎవురు పోస్తార్రా?"

గేటు తెరవగానే నేను తొక్కాను.

ఇప్పుడు నేను చెప్పే మాట చెప్పకూడనిది. చావు దగ్గరికి పోతున్నామని తెలిసీ, పక్కన అక్క పెదవి కొరుక్కుంటూ ఉందని తెలిసీ, ఆ ఆఖరి మైళ్ళలో నాకు కలిగినంత సంతోషం జన్మలో మళ్ళీ కలగలేదు. ఏకాంబరం అబద్ధం చెప్పలేదు. రెండింతలు! చింతచెట్లు వెనక్కి పరిగెత్తాయి. జట్కాను దాటాం. మేక ముఖంలో మొదటిసారి మర్యాద కనపడింది. గట్టిగా అరవాలనిపించి, పెద్దనాయన గుర్తొచ్చి, నాలుక కరుచుకున్నాను. అంతలో కాలిన ఇనుము వాసన. వీధి మొదట్లోకి మలుపు తిప్పానో లేదో, ఇంజను లోపల ఢామ్మని తుపాకి పేలినట్టు పేలి, చక్రాలు అక్కడికక్కడే అతుక్కుపోయాయి. మొదటి మూరలోనే పడుగు తెగింది.

తర్వాత నిశ్శబ్దం. నేను ఇంజను గురించి చెప్పడం లేదు. వీధి గురించి.

మా వీధి సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. పొద్దున్నే పడుగు నూలును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, ఇద్దరిద్దరు మనుషులు కుంచెలతో ఈ కొసనుంచి ఆ కొసకు దువ్వుతూ ఆరబెడతారు. మామూలుగా ఆ వేళ మా వీధి తిరునాళ్ళలా ఉంటుంది. కేకలు, పాటలు, తిట్లు. తడి నూలు ఆరేదాకా కుంచె ఆగకూడదు. ఆగితే దారాలన్నీ ఒకదానికొకటి అంటుకుని అట్టయిపోతాయి, ఆ ఇంటి కూడు పోతుంది. కాబట్టి తాతల నాటినుంచి మా వీధిలో ఒక కట్టుబాటు. పడుగు తడిగా ఉన్నప్పుడు ఏ ఇంట్లోనైనా మనిషి పోతే, ఏడుపు లేవకూడదు. ఆడవాళ్ళు నోట్లో కొంగు కుక్కుకుని లోపలే ఉండాలి. ఎవరైనా ఒకరు బయటికి వచ్చి "పడుగు ఆరనీ" అని మాత్రం అంటారు. అందరికీ అర్థమవుతుంది. చేతులు దువ్వుతూనే ఉంటాయి. ఆరి, చుట్టి, లోపల పెట్టాకే వీధి ఘొల్లుమంటుంది. మా వీధికి వచ్చిన యముడు కూడా పడుగు ఆరేదాకా అరుగు మీద కూర్చోవలసిందే.

ఆ పొద్దున వీధి నిండా పడుగులున్నాయి. మనుషులు దువ్వుతున్నారు. ఒక్క కేక లేదు, ఒక్క పాట లేదు. ఇంజను పేలిన చప్పుడుకు అందరూ మావైపు తిరిగి, అందరూ ఒకేసారి నోటిమీద వేలు పెట్టారు. మా ఎదురింటి చిన్నసామి తాత, వీధికి పెద్ద, కుంచె పట్టిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. మా అరుగు మీద పెద్దమ్మ జుట్టు విరబోసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. గోడకు రెండు పచ్చివెదుళ్ళు ఆనించి ఉన్నాయి.

ఇంకేం కావాలి? ఈ వీధిలో పుట్టినవాడు ఎవడైనా ఏమనుకుంటాడో నేనూ అదే అనుకున్నాను. తేడా ఒక్కటే. ఇంకెవడైనా అయితే పోయి అడిగేవాడు.

నేను కారు దిగి, అక్కవైపు తిరిగి, గొంతు తగ్గించి, ఎంతో పెద్దరికంగా అన్నాను. "అక్కా... పడుగు ఆరనీ."

అక్క కూడా ఆ వీధిలో పుట్టిందే. ఆ మాట వినగానే ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది. కానీ ఎనిమిదేళ్ళు వేరే ఊళ్ళో ఉంది. ఏడవడానికి పడుగు ఆరేదాకా ఆగే ఓపిక అక్కడే వదిలేసి వచ్చింది. సంచి పారేసి, గోడల వెంబడి పరిగెత్తి, పెద్దమ్మను దాటి లోపలికి పోయి, మంచం మీద పడింది. ఆమె ఏడుపు వీధి ఆ కొసకు వినపడింది.

"ఓ నాయనా! పేరు తెలీనోళ్ళ కాళ్ళంతా పట్టినానే, నీ కాళ్ళు పట్టే రాత ల్యాకపాయెనే! దీపావళికి పంచె పంపిస్తే ఎనక్కి పంపితివే! అంచు బాగలేదని ఒగ మాటన్నా చెప్పి పంపగూడదా నాయనా! నీకంటే నేనే మొండిదాన్ని నాయనా! రెండు తూర్లు గడప దాకా వచ్చి, నీ దగ్గు ఇని, ఎనక్కి తిరిగి పోతినే..."

నేను గుమ్మంలో నిలబడి తల వంచుకున్నాను. తల వంచుకోవడం వల్ల మంచం మీద ఏం జరుగుతోందో చూడలేదు. విన్నాను.

"అంచు బాగానే ఉన్నింది" అంది ఒక గొంతు.

అక్క ఏడుపు సగంలో ఆగింది. ఆగిన నోరు అలాగే తెరుచుకుని ఉంది. పెద్దనాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"గడప కాడికి ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచి, గుమ్మంలో కిక్కిరిసిన జనాన్ని చూశాడు. "ఎవురే సచ్చింది?"

"నువ్వే నాయనా" అంది అక్క.

"నేనా? నాకు చెప్పనే ల్యా! ఎవురన్నారు?"

జనమంతా నావైపు తిరిగారు. జీవితంలో ఒక వీధి మొత్తం నన్నే చూడాలని కోరుకున్నాను కదా. కోరిక తీరింది.

పెద్దమ్మ లోపలికి వచ్చి నెత్తి కొట్టుకుంది. "అడ పావీ, పాపిష్టోడా! ఎన్ని దినాలకో తెల్లారుజామున కునుకు పట్టెరా ఆయనకు! వీది వీదంతా గొంతు మూసుకోని కాచుకుంటే, ఫిరంగి తీసుకోనొచ్చి లేపితివి గదరా!"

"తాత ఏడస్తా ఉండె గదా..." అన్నాను.

"గంజి కంట్లో పడిందిరా!" అని జనంలోంచి చిన్నసామి తాత.

"ఆ వెదుళ్ళు?"

"పడుగు కింద కట్టేదానికి! నీ పాడెకైతే ఇప్పుడు పనికొస్తాయి!"

ఆ మాట అంటూనే తాత ముఖం పాలిపోయింది. గుమ్మంలో నిలబడిన ప్రతి ముఖమూ పాలిపోయింది. అక్క ఏడుపు వినగానే అందరూ కుంచెలు పారేసి పరిగెత్తుకొచ్చారు. తాతల నాటినుంచి ఆగని కుంచె ఆ పొద్దున ఆగింది. వీధిలో ఒక్క మనిషి లేడు. ఎండ మాత్రం ఉంది.

బయటికి పోయి చూస్తే పడుగులు అప్పడాలవుతున్నాయి. అరుపులు, శాపాలు, ఒకరినొకరు నెట్టుకోవడం. ఒకరు నీళ్ళంటే ఒకరు వద్దంటారు. అప్పుడు లోపలినుంచి కేక వినిపించింది. ఎన్నో వారాలుగా మూలుగు తప్ప రాని గొంతునుంచి, పన్నెండు మగ్గాలను అదిలించిన పాత కేక.

"నన్ను బయటికి ఎత్తండ్రా!"

నలుగురు మంచాన్నే ఎత్తి అరుగు మీద పెట్టారు. బతికున్న మనిషిని నలుగురు మోసుకొచ్చిన ఆ దృశ్యం నేను చూడలేకపోయాను. ఆయన మోచేతి మీద లేచాడు. వెనకనుంచి అక్క భుజాలు పట్టుకుంది.

"పిడికిళ్ళతో లాగొద్దండి! గోరువెచ్చని నీళ్ళు సన్నంగా చల్లండి... ఒరే చిన్నసామీ, కొసనుంచి గాదు, నడిమినుంచి దువ్వు! అంటుకున్న దారాన్ని తిట్టొద్దు, తడపండి. అదే ఇడిపోతాది."

ఆ మాట నూలుకు చెప్పాడో ఇంకెవరికి చెప్పాడో తెలియదు. అక్క మాత్రం ఆ నీళ్ళేవో తన మీదే చల్లినట్టు నిలబడింది. పొద్దెక్కేసరికి సగం పడుగులు బతికాయి. మిగతా సగం దీపాల వత్తులకు పనికొచ్చాయి. ఆ ఏడాది మా వీధిలో కార్తీకం మహా వైభవంగా జరిగింది.

సాయంత్రం నేను మంచం దగ్గరికి పోయి, "నిద్ర చెడగొట్టినా పెద్దనాయనా" అన్నాను.

"పోనీలేరా. నిద్దరకేం తక్కువ ఇంగ" అన్నాడు ఆయన.

అక్క వెంటనే వేలూరుకు తిరిగిపోలేదు. కాళ్ళు పట్టింది, మందు పోసింది, ఆ పంచె అంచు గురించి ఇద్దరూ రోజూ పోట్లాడుకున్నారు. అంచు బాగుందట, కానీ రంగు దిగిందట. ఆ రంగు దిగింది పంపేటప్పుడా, తిప్పి పంపేటప్పుడా అన్నది తేలలేదు. క్షమించమని ఆయనా అనలేదు, ఆమే అనలేదు. అది మా ఇంట్లో నేసే రకం గుడ్డ కాదు.

రెండో వారంలో ఒక పొద్దున ఆయన పోయాడు. అక్క నాడి పట్టుకునే ఉంది. కొంతసేపయ్యాక చేయి మెల్లగా దించి, పక్కనే ఉన్న నాతో, "పోయి చెప్పురా" అంది.

వీధిలో పడుగులు తడిగా ఉన్నాయి. నేను అరుగు దిగి చిన్నసామి తాత దగ్గరికి పోయాను. ఎలాగో అన్నాను.

"తాతా... పడుగు ఆరనీ."

తాత తల ఎత్తలేదు. "పోరా, పొయ్యి నీ ఇంజనుకు చెప్పు పో."

"నిజం తాతా."

"మొన్నా నిజమే గదా! ఓయ్, ఎవురూ కుంచె ఇడవద్దండి! ఈడు మళ్ళా చంపేదానికొచ్చినాడు!"

వీధి ఆ కొసదాకా నవ్వు పాకింది. నేను నడివీధిలో నిలబడి ఏడుస్తున్నాను, చుట్టూ జనం నవ్వుతున్నారు, కుంచెలు ఆడుతున్నాయి. అప్పుడు అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖం చూసి తాత నవ్వు ఆగింది. కుంచె మాత్రం ఆగలేదు. కొసదాకా దువ్వాడు, తిరిగి వచ్చాడు, మళ్ళీ దువ్వాడు. ఈసారి కళ్ళు తుడుచుకున్నది గంజి పడి కాదు.

బిగుసుకుపోయిన నా కారు ఇంకా వీధి మొదట్లోనే అడ్డంగా ఉంది. పాడె దాన్ని చుట్టుకుని పోవలసి వచ్చింది. తర్వాత దాన్ని పెరట్లోకి ఈడ్పించాను. రెండింతల బలం గల ఆ కారులో ఇప్పుడు మా కోళ్ళు పొదుగుతున్నాయి. అంతకంటే మెల్లగా జరిగే పని లోకంలో లేదు కనక, కొత్త రింగులకు ఏ ప్రమాదమూ లేదు.

కాబట్టి ఓ చదువరులారా, మా ఇలవేల్పు సాక్షిగా, మెడమీద ఉన్న ఈ ఒక్క తల సాక్షిగా, నా శపథం ఇది. ఇక ఈ జన్మలో ఎవరి చావునూ నా నోటితో చెప్పను. నాదైనా సరే. నేను కదలకుండా పడి ఉంటే తొందరపడి ఏడవకండి. ముందు వేలూరునుంచి మా కామాక్షక్కను పిలిపించి నాడి చూపించండి. ఆమె అవునంటేనే అవును.

ఆమెను పిలుచుకురావడానికి మాత్రం ఎవరూ కారు తీయవద్దు. రైలుంది.